ఇంట్లోవాళ్ళ చర్మం

"తొక్క మందంగా చెక్కవే. నీ గీతలు మా కడుపుల్లోకి పోకుండా," అంది బంగారమ్మ, వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కోడలు హేమ కత్తిపీట ముందు కూర్చుని బొంత అరటికాయలు చెక్కుతోంది. ఒక్కో కాయ మీదా నల్లసిరా గీతలు, సున్నలు, వంకరపోయిన అక్షరాలు. ముందురోజు మధ్యాహ్నం అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తగారు కునుకు తీస్తున్న వేళ టాటూ మిషన్ పట్టుకుని ఆ కాయల మీద నేర్చుకున్న చదువది. అరటితొక్క మీద చెయ్యి తిరిగితే మనిషి చర్మం మీద తిరుగుతుందని ఆ పనివాళ్ళు అంటారు. బాగానే ఉంది. కానీ నేర్చుకోవడం అయ్యాక కాయ పారెయ్యకూడదు. మర్నాడు పొద్దున్నే ఆ చదువునంతా చెక్కేసి వేపుడు చెయ్యాలి. ఆ ఇంట్లో హేమ ఏం నేర్చుకున్నా చివరికి కంచంలోకి రావాల్సిందే, లేకపోతే దండగ కింద జమ.

"చెక్కుతున్నానండీ అత్తయ్యగారూ."

"ఏం చెక్కుతున్నావో! నిన్న వేపుట్లో నల్లమచ్చ తగిలింది నాకు. విషం పెట్టి చంపేత్తావేంటి మమ్మల్ని? చేతకానిదానికి ఈ పోకడలెందుకో. సూది పట్టుకుంటే చెయ్యి గజగజలాడిపోద్దంట కదా, మావోడు చెప్పేడు."

నల్లమచ్చ మాట నిజమే. కొన్నిచోట్ల సూది తొక్క దాటి లోపలికి దిగిపోయింది. దానికి హేమ సిగ్గుపడలేదు. చెయ్యి గజగజలాడుతుందన్న మాటే కళ్ళల్లో కారం కొట్టినట్టు మండింది. నెలల తరబడి వింటోంది ఆ మాట. మొగుడి నోట విని, అత్తగారి నోట విని, ఫోన్లో ఆడపడుచు నోట కూడా విని, చివరికి తనే నమ్మే స్థితికి వచ్చింది. కూర కలుపుతూ చెయ్యి చూసుకునేది. టీ గ్లాసు పట్టుకుని చూసుకునేది. ఎక్కడా వణికేది కాదు దొంగచెయ్యి, ఆ మిషన్ పట్టుకుంటేనే వణికేది.

మొగుడు మోహన్ టాటూ షాపు అమలాపురం గడియార స్తంభం పక్క సందులో, మేడమీది గది. బోర్డు మీద అతని పేరు, నల్లకళ్ళద్దాలతో అతని ఫోటో. కతార్‌లో ఏసీ గొట్టాలు బిగించే పని చేస్తూ, క్యాంపులో పక్కమంచం ఫిలిప్పీన్స్ కుర్రాడి దగ్గర ఈ విద్య పట్టాడు. పట్టింది సగమే. బొమ్మ గీయడం రాదు మహానుభావుడికి. కస్టమరు సింహం కావాలంటే సింహం, శివుడు కావాలంటే శివుడు, పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని హేమే గీస్తుంది. ఆ కాగితాన్ని చర్మం మీద అద్ది, పడిన గీతల మీంచి సూది నడిపిస్తాడు మోహన్. "డిజైన్ ఎవరిదండీ?" అని అడిగితే "మనదేనండి" అంటాడు. ఆ 'మన'లో తనూ ఉన్నాననుకుంది హేమ మొదట్లో, వెర్రిబాగులది. షాపు ఊడ్చేది ఆమె. కుర్చీ తుడిచేది ఆమె. నెత్తురు తుడిచిన దూది మూటగట్టి పారేసేది ఆమె. సూది దూర్చి పట్టుకునే స్టీలు గొట్టాలుంటాయి, గ్రిప్పులంటారు, అవి బ్రష్షు పెట్టి కడిగి కుక్కర్లో ఉడికించేది ఆమె. ఇంట్లో రెండు కుక్కర్లు: ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో గ్రిప్పులు. రెండింటి విజిళ్ళూ వినాల్సిన చెవులు మాత్రం ఒక మనిషివే. "మేడమ్ ఏం చేస్తారండీ?" అని ఎవరైనా మర్యాదకి అడిగితే మోహన్ నవ్వేవాడు. "ఖాళీయేనండి. ఇంట్లో తోచక నాతో వచ్చి కూచుంటాది."

ఇక ఆమె ఎడమచెయ్యి సంగతి చెప్పాలి. కోనసీమ ఉక్కలో, జ్యేష్ఠమాసం పెళ్ళిళ్ళలో కూడా హేమ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకుంటుంది. ఎందుకంటే మోహన్ విద్య నేర్చుకున్నది ఆ చేతి మీద. సెలవు మీద వచ్చినప్పుడల్లా మిషన్ తెచ్చుకునేవాడు. "చెయ్యి ఇలా పెట్టు, కదలకు," అనేవాడు. పెట్టనా వద్దా అని అడిగింది లేదు, అడగాలని తోచినట్టూ లేదు. తామరపువ్వు అన్నాడు, కాలీఫ్లవర్ అయింది. నెమలి అన్నాడు, ఈకలు పీకిన కోడి అయింది. తన పేరు వేస్తే అందులో 'హ' దగ్గర సిరా చర్మం కింద పాకి, తడిసిన కాగితం మీద అక్షరంలా నీలంగా ఉబ్బిపోయింది. ఏడిస్తే ఏమన్నాడు? "నీది ముతక చర్మమే, సిరా పీల్చేత్తంది. నేనేం చెయ్యను?" సరే, ముతక చర్మమే. ముతక చర్మాన్ని మోసుకుని బతికింది. అక్కడితో ఆగినా బాగుండేది. షాపు పెట్టాక ఒకసారి చేతులు కడుక్కుంటూ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది, కస్టమరు చూశాడు. "అదెవరు వేశారండీ?" అని అడిగాడు. మోహన్ రెప్ప వెయ్యలేదు. "అంతర్వేది తీర్థంలో వేయించుకుందండి, పిచ్చిది. మనం కతార్‌లో ఉండగా." కస్టమరు జాలిగా నవ్వాడు. హేమ కుళాయి కట్టేసి టీ తేవడానికి కిందికి దిగింది. మెట్లు దిగుతుంటే పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక టీ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది.

హేమకి మిషన్ పట్టుకునే యోగం ఎలా వచ్చిందంటే, ఆడవాళ్ళ వల్ల వచ్చింది. టాటూ మీద మోజున్నా, పరాయి మగాడి చేతికి భుజం ఇవ్వడానికి జంకి మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పోయేవారు చాలామంది. రావులపాలెంలో ఇలాంటి షాపే ఉన్న స్నేహితుడు మధుబాబు సలహా ఇచ్చాడు: మీ ఆవిడకి నేర్పెయ్యరా, లేడీస్‌కి లేడీ అని బోర్డు పెట్టు. మోహన్ బోర్డు ముందు రాయించాడు, నేర్పడం తర్వాత చూద్దామన్నాడు. నేర్పడమంటే ఏమిటి? అటక మీంచి కతార్ నాటి పాత మిషన్ దింపి ఒళ్ళో పెట్టాడు. "నేర్చుకునేవాళ్ళకి ఇది చాలు. దీని మీద గీత వస్తే దేని మీదైనా వత్తాది."

ఆ మిషన్ ఒక ఇనప దుంప. ఇనప చట్రంలో రెండు రాగితీగ చుట్టలు, వాటి మీద ఒక రేకు. కరెంటు పారితే ఆ చుట్టలు రేకుని లాగి వదులుతుంటాయి, రేకు కొట్టినప్పుడల్లా సూది దిగుతుంది. రేకు కింద స్ప్రింగు సాగిపోయి ఒకసారి నిండుగా, ఒకసారి సగంగా కొడుతుంది. బరువంతా పైన, బొటనవేలి వెనక్కి వాలిపోయి ఉంటుంది. వెనకనుంచి లావుపాటి వైరు గేదె పలుపులా లాగుతుంది. అది వెనక్కి లాగితే సూది ముందుకి లేస్తుంది, ఆపుదామని వేళ్ళు బిగిస్తే సన్నటి స్టీలు గ్రిప్పు చెమటకి జారుతుంది, జారకుండా ఇంకా బిగిస్తే మణికట్టు దాకా ఆ దడ పాకుతుంది. కాసేపటికి చిటికెనవేలు తిమ్మిరెక్కి తనది కాకుండా పోతుంది. గీత మొదలుపెట్టిన చోట సూది పైపైన పోయి, మధ్యలో లోతుకి దిగి, చివర చీమ నడిచినట్టు వంకర్లు పోతుంది. హేమ ఆ కాయ తీసుకెళ్ళి చూపించేది. మోహన్ పెదవి విరిచేవాడు.

"మిషన్ దడదడలాడతందండీ. ఒక్కసారి మీ పెన్నుతో గీసి చూడనా?" అని ఒకరోజు అడిగింది.

పెన్ను అంటే అతను కొత్తగా తెప్పించుకున్న మిషన్. చూడ్డానికి లావుపాటి కలంలా ఉంటుంది. సొరుగులో పెట్టి తాళం వేసుకుంటాడు.

"ఆడలేక మద్దెల ఓడందంట! మిషన్లో ఏముందే? చేతిలో ఉండాలి. ఆ పెన్ను నీ చేతిలో పెడితే ఇంకేమన్నా ఉందా, పోపులగరిట అనుకుంటావ్."

షాపులో ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. హేమ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. తర్వాత ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ ఆలోచించింది. ఆ సామెత చెప్పినవాళ్ళలో ఒక్కడైనా వెళ్ళి మద్దెల చూశాడా? నిజంగా ఓడుదేమో, ఎవరికి తెలుసు? మద్దెల వాయించేవాడు మగాడై ఉంటాడు, ఆడేది ఆడది అయ్యుంటుంది. ఇంక చూడ్డమెందుకు.

మోహన్ చుట్టాల గృహప్రవేశానికి రాజోలు వెళ్ళిన రోజు అతని విడిచిన ప్యాంటు ఉతకబోతూ జేబులు దులిపితే సొరుగు తాళంచెవి రాలిపడింది. మామూలుగా అయితే గూట్లో పెట్టేది. ఆ రోజు కొంగున ముడేసుకుంది. సంచిలో రెండు అరటికాయలు వేసుకుని, షాపు ఊడ్చి వస్తానని అత్తగారికి చెప్పి వెళ్ళింది. పెన్ను చేతిలోకి తీసుకుంటే ముందు దాని తేలికదనానికే బిత్తరపోయింది. బరువు వేళ్ళ మధ్యకి వచ్చి కూర్చుంది, వెనక్కి వాలలేదు. వైరు జడపిన్నంత సన్నం. సూది అమర్చిన చిన్న డబ్బీ టక్కున లోపల కూర్చుంది, కింద ఉంగరం తిప్పితే సూది ఎంత దిగాలో అంతే దిగుతుంది, దాన్ని దాటిపోదు. మీట నొక్కితే దడ లేదు, తుమ్మెద గొంతులో చిన్న శబ్దం, అంతే. కాయ మీద తొడిమ దగ్గర్నుంచి చివరిదాకా ఒక గీత గీసింది. తిన్నగా వచ్చింది. నమ్మక ఇంకోటి గీసింది. అదీ తిన్నగా వచ్చింది. సున్న చుట్టింది, మొదలూ చివరా కలిసిపోయాయి. చిన్న అక్షరాలు రాసింది, బియ్యపుగింజంత. చెదరలేదు.

సంతోషించాలి కదా? హేమకి ఏడుపొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది, పళ్ళు కొరుకుతూ ఏడ్చింది. అన్నాళ్ళూ కూర కలిపేటప్పుడూ టీ గ్లాసు పట్టుకున్నప్పుడూ తన చేతిని తనే అనుమానంగా చూసుకుంది కదా, అందుకు ఏడ్చింది. ఆత్రేయపురంలో పెళ్ళికాకముందు మేనత్త చిన్నమ్మలు దగ్గర పూతరేకులు వేసిన చెయ్యి ఇది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క విసురు. వణికే చేతికి రేకు వస్తుందా? మొదట్లో తనకీ రేకు చిరిగేది. చిన్నమ్మలత్త ఏం చేసింది? "లెగు, నా కుండ దగ్గర కూచో" అని, నూనె తాగి నున్నబడ్డ తన పాతకుండ హేమకిచ్చి, గరుకుగా ఉన్న కొత్తకుండ తను పెట్టుకుంది. ఆ వీధిలో అందరూ అంతే. నేర్చుకునే పిల్లకి మంచి కుండ ఇవ్వాలి, చెయ్యి తిరిగినమ్మ ఎలాంటి కుండ మీదైనా లాగించేస్తుంది. గరుకు కుండ పెట్టి రేకు చిరిగిందని పిల్లని తిట్టేవాళ్ళని ఆ ఊళ్ళో పిచ్చోళ్ళంటారు. అమలాపురంలో మాస్టారంటున్నారు.

ఏడుపు ఆగాక ముఖం కడుక్కుని కొత్త సూది తీసింది. చీర కాస్త పైకి లాక్కుని, ఎడమ కాలి మడమ పైన, పట్టీ కింద దాగేచోట, ఒక జాజిమొగ్గ వేసుకుంది. ముతక చర్మమేగా, సిరా పీల్చేస్తుంది కదా, చూద్దాం. పీల్చలేదు. మానాక చూస్తే ఎక్కడి గీత అక్కడే, నల్లగా సన్నగా నిలబడింది. తాళంచెవి ఎప్పటిలా గూట్లోకి చేరింది గానీ, మోహన్ ఊరెళ్ళినప్పుడల్లా కొంగులోకి వస్తూనే ఉంది.

అప్పటికీ మొగుడి మీద ఇంకా కాస్త దయ మిగిలింది హేమకి. ఆయనకి తెలియదేమో, పాత మిషన్ అలవాటైపోయి దాని లోపం కనపడదేమో అని సర్దిచెప్పుకుంది. ఆడవాళ్ళకి ఈ సర్దుబాటు విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ దయ కూడా ఒక సాయంత్రం తీరిపోయింది. దొడ్లో గ్రిప్పులు తోముతోంది. మోహన్ అరుగు మీద కూర్చుని మధుబాబుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆ బండ మిషనే ఇచ్చేనురా... ఆఁ, దాంతో నాకే వత్తాదేంట్రా గీత! చెయ్యి గుంజేసి రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు, అందుకేగా పెన్ను కొన్నాను... పెన్నిస్తేనా? బొమ్మ ఎలాగూ గీస్తాది, ఇట్టే నేర్చేసుకుంటాది. అప్పుడు ఇంక మన మాట వింటాదేంట్రా? డిజైన్లెవడు గీస్తాడు, ఈ గ్రిప్పులెవడు కడుగుతాడు, నువ్వొచ్చి కడుగుతావా?" అని పకపకా నవ్వాడు.

హేమ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. తెలుసన్నమాట. అన్నీ తెలిసే. ఛీ, ఏం మనిషి! తన చేతి మీద కాలీఫ్లవర్ పూసినప్పుడు కూడా తెలుసు, తప్పు చర్మానిది కాదని. ఆ సబ్బునీళ్ళ బకెట్టు తీసుకెళ్ళి అతని నెత్తిన గుమ్మరిద్దామనిపించింది. గుమ్మరించలేదు. గ్రిప్పులు కడగడం పూర్తిచేసింది, ఎందుకంటే మర్నాడు వాటితో పొడిపించుకునేవాళ్ళు ఏ పాపమూ చెయ్యలేదు.

ఆ వారంలోనే అనిత వచ్చింది. అనిత బంగారమ్మ చెల్లెలి కోడలు, ఓడలరేవు పిల్ల. దాని మొగుడు నాగబాబు పడవ మీద వేటకెళ్ళేవాడు, ఇప్పుడు కతార్ వీసా వచ్చింది. ఈమధ్య ఆ చుట్టుపక్కల కొత్త ఆచారమొకటి పుట్టింది. మొగుడు గల్ఫ్ విమానం ఎక్కేలోపు పెళ్ళాం భుజం మీద అతని పేరు పొడిపించాలి. పేరు నోటితో పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందనే ముసలమ్మలే, సూదితో రాయిస్తే పెరుగుతుందంటున్నారు. ఎగిరేవాడు అతను, గుర్తు మాత్రం ఈమెకి. బంగారమ్మ అనితని వెంటబెట్టుకుని షాపు మెట్లెక్కి, ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది.

"ఒరే మోహనూ, నాగబాబు పేరు వెయ్యాలంట. హేమ చేత వేయించరా. నువ్వు బావగారివి, మరదలి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు."

ఆ ఇళ్ళల్లో అది గట్టి కట్టుబాటు. మొగుడి అన్న ఎదురొస్తే అనిత కొంగు సర్దుకుని పక్కకి తప్పుకుంటుంది. మోహన్ తల గోక్కున్నాడు. ఇదివరకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళొస్తే హేమని పక్కన నిలబెట్టి, తనే వేసి పంపించాడు. ఈసారి ఆ వీలు లేదు. ఒక్క క్షణం ఆలోచించి, బల్ల కింద నుంచి ఆ ఇనప దుంప తీసి హేమ ముందు పెట్టాడు.

"కానియ్ మరి. ఇదే నీ మొదటి కేసు."

"పెన్నివ్వండి," అంది హేమ.

"ఏంటీ?"

"పెన్ను మిషనండి. ఆ పిల్ల చిన్న అక్షరాలు కావాలంటంది. దీంతో వేస్తే సిరా పాకిపోద్ది."

"అబ్బో, మాస్టారికి పాఠాలు చెప్తందండీ!" మోహన్ తల్లి వైపు తిరిగి నవ్వాడు. "పోతే పోద్దిలేవే. ఎవరో బయటోళ్ళయితే భయపడాలి గానీ, మనోళ్ళేగా. ఏమనుకుంటారు? ఇంట్లోవాళ్ళ చర్మం మీదే నేర్చుకోవాలి. నేనెలా నేర్చుకున్నాను మరి?"

అనిత ముఖం పాలిపోయింది. భుజం మీది కొంగు గట్టిగా పట్టుకుంది. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల, ఇంకా ఒక్క గీతా పడని నున్నటి గోధుమరంగు భుజం. హేమ ఆ భుజం వైపు చూసింది. మిషన్‌కి సూది బిగించి, వైరు తగిలించి, కాలితో మీట తొక్కింది. గదంతా కందిరీగ రొద. ఇంకో చేత్తో స్టూలు లాగి మోహన్ ముందు వేసింది.

"మీరూ ఇంట్లోవాళ్ళేగా. ముందు మీ చెయ్యి చాపండి."

"హహ్హ! జోకులా?"

"కాదండి. మిషన్లో ఏముంది, చేతిలో ఉండాలన్నారు. నా చెయ్యి ఎలా ఉందో మీ చేతి మీద చూద్దాం. నా పేరు వేస్తాను. రెండక్షరాలే. కూచోండి."

అతను ఇంకా నవ్వుతున్నాడు. హేమ మిషన్‌తో ఒక అడుగు ముందుకేసింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యి గబుక్కున చంకలో దాచుకున్నాడు, కుక్క కరవబోతే దాచుకున్నట్టు.

"ఏయ్! పిచ్చెక్కిందా? ఆ దరిద్రపు మిషన్‌తోనా? చెయ్యి పాడైపోద్దే! చచ్చేదాకా ఉంటాది అది!"

"ఆయ్," అంది హేమ. "ఉంటాదండి."

మీట మీంచి కాలు తీసింది. రొద ఆగింది. జాకెట్టు ఎడమచేతి గుండీ విప్పి, మణికట్టు నుంచి మోచేయి దాటేదాకా మడిచింది. అనిత దగ్గరికెళ్ళి వెలుతురులో పెట్టి చూపించింది. ఉబ్బిన పేరు, పూవు కాని పూవు, కోడి కాని కోడి.

"ఇవి తీర్థంలో వేయించుకున్నవి కావమ్మా. మీ బావగారు నేర్చుకున్నారు నా మీద. దాంతోనే, ఆ మిషన్‌తోనే. నన్ను అడగలేదు. అడిగితే ఏమందునో నాకూ తెలీదు, అడగలేదు గనక."

బంగారమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏంటే ఆ వాగుడు! మొగుడి పరువు తీత్తావా నలుగురిలో? అది మగోడి చెయ్యే, సంపాదించే చెయ్యి. పాడుచేత్తానంటావా?"

"నాదీ చర్మమేనండీ అత్తయ్యగారూ," అంది హేమ. గొంతు పెంచలేదు. పెంచకుండానే గది మూలమూలకీ వినపడింది. "ఇన్నాళ్ళూ ఒక్కళ్ళయినా అది పాడైపోయిందనలేదు."

మోహన్ కొట్టడానికి చెయ్యెత్తే రకం కాదు, మాటలతో కొట్టే రకం. "తర్వాత మాట్లాడదాం," అన్నాడు. "ఇంటికి పద, చెప్తాను నీ సంగతి," అన్నాడు. హేమ అరచెయ్యి చాపి నిలబడింది. కిందనుంచి కొబ్బరికాయల లారీ హారను కొడుతూ పోయింది. చివరికి మోహన్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టలేదు, బల్ల మీదకి విసిరాడు. ఫరవాలేదు, బల్ల మీద నుంచి కూడా తాళంచెవి తీసుకోవచ్చు. పెన్ను బయటికి తీసి, ఒళ్ళు తుడిచి, కొత్త సూది డబ్బీ కవరు చింపింది.

అప్పుడు అనిత ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చీర కొంచెం పైకి జరిపి కాలి మడమ చూపించింది.

"చూడమ్మా, ఉన్నమాట చెప్తున్నాను. మనిషి మీద నేను వేసింది ఇదొక్కటే, నా కాలి మీద. మిగతాదంతా అరటికాయల మీదే. నీకు భయమైతే ఇప్పుడే లేచి వెళ్ళిపో, ఎవరేమన్నా నేను చూసుకుంటాను. అసలు నీకు ఇష్టమేనా ఆ పేరు?"

అనిత జాజిమొగ్గని వేలితో తాకి చూసింది. గోరుతో గీకి చూసింది, నిజమా కాదా అని. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదక్కా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పేరు వద్దక్కా. ఈ మొగ్గెయ్యి నాకు. ఇంతే ఉండాలి, చిన్నగా."

"అదెలా కుదురుద్దే!" బంగారమ్మ గుండెలు బాదుకుంది. "వాడు విమానం ఎక్కాలి! మా చెల్లెలికి ఏం చెప్పను నేను?"

"మొగ్గ వేసిందని చెప్పండి," అంది హేమ.

అనిత కుర్చీలో కూర్చుని భుజం మీది కొంగు తియ్యబోయి ఆగింది. మోహన్ అక్కడే ఉన్నాడు, గోడకి ఆనుకుని, చేతులు మళ్ళీ చంకల్లో పెట్టుకుని. హేమ అతని వైపు తిరిగింది.

"మీరు బయటికెళ్ళి కూచోండి. మరదలు భుజం తీసినచోట బావగారు ఉండకూడదు."

"నా షాపులోంచి నన్ను పొమ్మంటున్నావా?" అరిచాడు మోహన్. "అమ్మా, చూసేవా? చెప్పు దీనికి!"

బంగారమ్మ కోడలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, సగం జారిన అనిత కొంగు వైపు చూసింది. తన కట్టుబాటు తన కొడుకు మీదకే తిరుగుతుందని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు. తప్పదు మరి, ఇందాక ఆ మాట తెచ్చింది ఆవిడే.

"వెళ్ళరా," అంది, కొడుకు ముఖం చూడకుండా.

మోహన్ వెళ్ళాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు ఒకచోట ఆగింది. హేమ తలుపు గడియ వేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, అనిత భుజం తుడిచి, పెన్ను వేళ్ళ మధ్య సర్దుకుంది. చెయ్యి కదలకుండా నిలబడింది. తన చేతికి సూది పట్టినవాడు ఒక్కసారి కూడా అనని మాట ఒకటి నోటికొచ్చింది.

"నొప్పేస్తే చెప్పమ్మా. ఆపేస్తాను."